తాడెవరిదంటే నాదన్నాను

పోయిన నెల మా వీధి చివర కరెంటు తీగలకి అడ్డమొస్తోందని ఒక నేరేడు చెట్టు కొమ్మలు కొట్టడానికి ఇద్దరు వచ్చారు. ఒకడు చెట్టు మీద, ఒకడు కింద. పైవాడి నడుముకి కట్టిన తాడు ఒక కొమ్మ పంగలోంచి దిగి కిందవాడి దగ్గరకి వచ్చింది. కిందవాడు ఆ కొసని చెప్పుకాలితో తొక్కిపెట్టి ఫోను చూసుకుంటున్నాడు. మనిషి ప్రాణాన్ని చెప్పు కింద పెట్టుకుని ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతికర్ర ఎత్తి మీదకి వెళ్లాను.

"కాలు తియ్యరా ముందు!"

"ఏటి తాతా, అలా మీదకొస్తన్నావు? నీ తాడేటి?" అన్నాడు వాడు.

"నాదే" అన్నాను.

వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, ముసలాయనకి మతి చెడిందనుకున్నాడు. పైనున్నవాడు కూడా నవ్వాడు. ఇంట్లోవాళ్లు వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయారు. నీకెందుకు నాన్నా, రిటైరై ఇన్నేళ్లయింది కదా అన్నారు. నాకెందుకో వాళ్లకీ తెలియదు, ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు కాబట్టి తెలియదు. తాడు పట్టుకుని చెట్లెక్కే పని ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటున్న మీలాంటి పిల్లల కోసమని ఇది మొదలుపెడుతున్నాను. కోపంగా ఉన్నాను కాబట్టి వరస తప్పితే సర్దుకోండి.

అరవైల చివరి మాట. పల్లెలకి కరెంటు స్తంభాలు పాతుతున్న రోజులు. నేను ఎస్సెల్సీ ఎలాగో గట్టెక్కి, గజపతినగరం పక్కన మా నాన్న మెట్టచెక్కలో చోళ్లు విత్తడం నామోషీ అనుకుని, లైను వేసే గ్యాంగులో మస్టరు కూలీగా చేరాను. మా గ్యాంగు పని స్తంభాలు పాతడం కాదు. రాజాం పోయే రోడ్డుకి రెండు పక్కలా పెద్ద పెద్ద చింతచెట్లుండేవి. తీగ వెళ్లే దారిలో వాటి కొమ్మలు కొట్టి, ఇళ్ల మీదా బళ్ల మీదా పడకుండా తాళ్లతో కిందికి దించడం మా పని. గ్యాంగులో అయిదుగురం. సంతకం చెయ్యడం వచ్చినవాడిని నేనొక్కడినే. అది నాకు గొప్పగా ఉండేది. ఆ గొప్ప ఎందుకు పనికొచ్చిందో ముందు ముందు చెబుతాను.

చెట్టెక్కే మనిషి ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. పొందూరు అవతల ఒక పల్లె. చిన్నప్పటినుంచి తాటిచెట్లెక్కి కల్లు దింపినవాడు. తాటిచెట్టుకి కొమ్మలుండవు, నడుముకీ మానుకీ కలిపి మోకు వేసుకుని ఎక్కుతారు. చింతచెట్టుకి ఆ మోకు పనిచేయదు, కొమ్మ కొమ్మకీ విప్పి కట్టాలి. అందుకని ఆయన తన బుర్రతో ఇంకో పద్ధతి కనిపెట్టుకున్నాడు. సన్నటి పురికొసకి రాయి కట్టి, బలమైన పంగలోంచి అవతలికి విసిరేవాడు. దాని వెంట పెద్ద తాడు లాగేవాడు. ఒక కొస నడుముకి, రెండో కొస కిందున్నవాడి చేతికి. కిందవాడు మాను చుట్టూ రెండు మెలికలు వేసి పట్టుకుంటాడు. పైన తన ముందున్న తాడుకి ఒక చిన్న ముడి వేసుకునేవాడు. దాన్ని జెలగముడి అనేవాడు. చేత్తో తోస్తే పైకి జరుగుతుంది, బరువు పడితే జలగలా పట్టేస్తుంది. ఇప్పుడు మీకు దిగుమతి సామాను, రంగురంగుల తాళ్లు, ఇనుప కొక్కేలు వచ్చాయి. లోపలున్న ఉపాయం మాత్రం అదే. మాకెవరూ పుస్తకం ఇవ్వలేదు.

నేను ఆయన్ని మావా అనేవాడిని. మా రెండు కులాలకీ వరసలు లేవు. అయినా మా వైపు పెద్దవాణ్ని అలాగే పిలుస్తాం. ఆయన నన్ను గుంటడా అనేవాడు, పని బాగా చేసిన రోజు అల్లుడా అనేవాడు. అల్లుడా అని పిలిచిన రోజులు తక్కువ.

నేర్పమని అడిగితే రెండు నెలలు నన్ను నేల మీద నుంచి కదలనివ్వలేదు.

"సెట్టు నేర్సుకోవడం తరవాత. ముందు తాడు నేర్సుకో" అన్నాడు.

తాడు నేర్చుకోవడమంటే ఏమిటో అనుకున్నాను. మూడు పేటల జనపనార తాడు, ఆయనే పేనుకున్నది. రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని ఆ తాడుని ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేతిలోంచి పోనివ్వాలి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ పురి విప్పి లోపల నార ఎలా ఉందో చూడాలి. పైకి నున్నగా ఉండి లోపల పొడిపొడిగా ఉంటే ఆ తాడు పశువుని కట్టడానికి కూడా పనికిరాదనేవాడు. ఎక్కే తాడు నేలమీద ఈడ్వకూడదు, దాటకూడదు, తడిపి ఎండలో వెయ్యకూడదు, దాంతో బరువు లాగకూడదు. ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతులో దయా దాక్షిణ్యం ఉండేవి కావు. ఒకసారి తాడు దాటానని నా వీపు మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బకి అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఇంకో నాలుగు కొట్టి ఉండాల్సిందనిపిస్తుంది.

తర్వాత మనిషెత్తున నన్ను వేలాడదీసి ఒక పూటంతా వదిలేశాడు. నడుము తెగిపోతోందని మొత్తుకున్నాను. మిగతా ముగ్గురూ కింద చుట్టలు కాల్చుకుంటూ, సంతలో మేకకి బేరమాడినట్టు నా బరువు మీద బేరాలాడారు. ఆయన మాత్రం నవ్వలేదు. నేను మొత్తుకోవడం ఆపి జెలగముడి మీద చెయ్యి వేసేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

ఆయనకో ఆనవాయితీ ఉండేది. మానుకి పాదం ఆనించి, రెండో పాదం ఎత్తేముందు, కిందున్నవాడి వైపు చూడకుండా అడిగేవాడు. "తాడెవరిదిరా?" కిందున్నవాడు "నాది" అనాలి. అంటే ఈ పొద్దు ఈ తాడు పొడుగునా నా అరచెయ్యి నడిచింది, ఏదన్నా అయితే జవాబు నాది అని. మొదటిసారి నన్నడిగినప్పుడు నాకు తెలియక, మర్యాదనుకుని, "నీదే కదా మావా" అన్నాను. ఆయన పాదం దించేసి, నడుము కట్టు విప్పేసి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు.

"నాదయితే నాను కిందుంటాను. నువ్వెక్కు" అన్నాడు.

"అదికాదు మావా..."

"ఏటి కాదు? పైకెల్లినోడికి తాడుండదురా. ఆడు కొమ్మ సూసుకోవాలా, కత్తి సూసుకోవాలా, తాడు సూసుకోవాలా? కిందున్నోడిదే తాడు."

ఆ రోజు మధ్యాహ్నం దాకా చెట్టెక్కలేదు. నేను తాడు మొత్తం అరచేతిలోంచి పోనిచ్చి, వచ్చి, నాది అన్నాక లేచాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదంతా దాని కోసమే రాస్తున్నాను. ఆయన జన్మలో కల్లు ముట్టలేదు. రోజుకి అంతంత కుండలు దింపిన మనిషి ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదంటే నేను నమ్మలేదు. ఒకరోజు అన్నాలు తింటున్నప్పుడు అడిగేశాను.

"మా అయ్య తాగెక్కినాడు. నాకు ఎనిమిదేళ్లు. కింద నిలబడి సూసినాను" అన్నాడు. అంతే. మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

మాకొక ఓవర్సీరు ఉండేవాడు. ఊరూ పేరూ రాయను. రాయాలని చెయ్యి పీకుతోంది కానీ రాయను. తెల్లటి ప్యాంటు, చేతిలో చిన్న డైరీ. పైనుంచి ఒక చెక్కపెట్టెలో మూడు తోలు బెల్టులు వచ్చాయి, ఎత్తున పనిచేసే మనుషుల కోసమని. వాసన చూస్తే కొత్త చెప్పుల కొట్టులా ఉండేవి. మేం ముట్టుకుని చూసి సంబరపడ్డాం. ఆయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఒకటియ్యండి బాబూ, పెద్దాయనకి" అని నేనే అడిగాను.

"వాడితే తోలు పాడవుతుందయ్యా. రేపు తనిఖీకి వస్తే ఏం చూపించమంటావు?" అన్నాడు.

నవ్వకండి. నేను ముప్పైయేళ్లకి పైగా ఉద్యోగం చేశాను. ఇలాంటి బీరువాలు ఎన్ని చూశానో లెక్కలేదు. మనుషుల కోసం పంపిన సామాను మనుషుల నుంచి కాపాడటమే పని అనుకునేవాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు.

ఇక ఆ రోజు. అసలు దాని ముందురోజు చెప్పాలి. పెద్దాయన ఊళ్లో అమ్మవారి సంబరమని ఒకరోజు సెలవడిగి వెళ్లాడు. తాడు నా చేతికిచ్చి, నీడలో వేలాడదియ్యమన్నాడు. పది గంటలకి ఓవర్సీరు ఎడ్లబండితో దిగాడు. ఆయన ఇల్లు కట్టుకుంటున్నాడు. మేం కొట్టిన చింతచెట్టు దుంగ ఒకటి రోడ్డు పక్క గోతిలో ఉంది. అది సర్కారు దుంగ. దాన్ని ఎడ్లతో గట్టు మీదకి లాగించి ఇంటికి పంపించుకోవాలి. బండివాడి తాడు పొట్టిది.

"ఆ తాడు ఇలా తే" అన్నాడు.

"అది ఎక్కే తాడండీ. బరువులకి వాడకూడదండీ."

"మనిషి బరువు కాదేమిటయ్యా?" అని నవ్వి, డైరీ తీశాడు. "పర్మనెంటు చెయ్యాల్సినవాళ్ల పేర్లు ఈ వారంలో పంపాలి. నీది రాశాను. కొట్టెయ్యమంటావా?"

ఇచ్చాను. ఇవ్వడమే కాదు, దుంగకి నేనే కట్టాను. ఎడ్లు లాగుతుంటే తాడు కల్వర్టు రాతి అంచు మీద ఒరుసుకుంటూ కిర్రుమంది. ఆ చప్పుడు విన్నాను. అంచు కింద గోనెసంచి మడత పెట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. దుంగ బండెక్కింది. తాడు బురద కొట్టుకుపోయి నా కాళ్ల దగ్గర పడింది.

అప్పుడు నేను చేసిన పని నాలాంటి వెధవ తప్ప ఎవరూ చెయ్యరు. పెద్దాయన చూస్తే తెలిసిపోతుందని, ఆ తాడుని నూతి దగ్గర శుభ్రంగా కడిగి, మధ్యాహ్నం ఎండలో ఆరేసి, ఆయన చుట్టే పద్ధతిలోనే చుట్టి, నీడలో వేలాడదీశాను. చూడడానికి కొత్తదానిలా ఉంది. చెయ్యకూడనివి నాలుగు చెప్పాడని ఇందాక రాశాను కదా, అందులో మూడు ఆ ఒక్క పూటలో చేశాను.

మర్నాడు పైనుంచి పెద్ద ఇంజనీరు పని చూడటానికి వస్తాడని కబురు. ఓవర్సీరు పొద్దున్నే వచ్చి కానీండి కానీండి అని మా నెత్తి మీద కూర్చున్నాడు. పెద్దాయన మొదటి బస్సు దిగి నడిచి వచ్చాడు. నుదుట పసుపూ కుంకుమా. సంబరంలో పంచిన చలిమిడి ఆకులో కట్టి నాకోసం తెచ్చాడు. తనూ ఒక ముద్ద నోట్లో వేసుకుని, "తిను అల్లుడా. మీ అత్త యాలకులు దంచి ఏసినాది" అన్నాడు. ఆ రోజు అల్లుడా అన్నాడు.

కుడిచేత్తో చలిమిడి తిన్నాను. ఎడమచేతిలో తాడు ఉంది. అరచేతిలోంచి పోనివ్వలేదు. తీరికలేక కాదు, భయపడి. చూస్తే కనబడుతుంది. కనబడితే చెప్పాలి. చెబితే నిన్నటిదంతా చెప్పాలి. చూడకపోతే ఏమీ జరగనట్టే ఉంటుందని నా తెలివి.

రాయి విసిరాడు. తాడు పంగలోంచి దిగింది. నేను మానుకి మెలికలు వేశాను. ఆయన పాదం ఆనించాడు.

"తాడెవరిదిరా?"

"నాది మావా" అన్నాను.

మూడు నిలువుల ఎత్తు ఎక్కాడు. కొమ్మ మీదకి ఒరగబోయి బరువు తాడు మీద వేశాడు. తెగింది. చప్పుడు పెద్దగా లేదు. నా చేతిలో తాడు ఒక్కసారిగా తేలికైంది. ఆయన కింది కొమ్మకి తుంటి తగిలి, తిరగబడి, నేల మీద నాకు రెండు బారల దూరంలో పడ్డాడు. ఏమీ అరవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపే చూశాడు. ఆ చూపులో ఉన్నది కోపం కాదు. ఏమయిందో అర్థంకాని చూపు.

బండి మీద గడ్డి వేసి, విజయనగరం పెద్దాసుపత్రికి ముగ్గురూ తీసుకెళ్లారు. నన్ను ఓవర్సీరు ఉండమన్నాడు. ఆయనేం చేశాడో నా కళ్లారా చూశాను. తనతో వచ్చిన మనిషిని ఆఫీసుకి పంపి, బీరువా తెరిపించి, ఒక తోలు బెల్టు తెప్పించాడు. దాన్ని చింతచెట్టు మొదట్లో పడేశాడు. దుమ్ములో కాలితో రెండుసార్లు దొర్లించాడు కూడా. వాడితే పాడవుతుందన్న బెల్టు! దాని మొదటి డ్యూటీ అదీ.

ఇంజనీరు వచ్చాడు. చెట్టు చూశాడు, బెల్టు చూశాడు, గడియారం చూసుకున్నాడు. తాడు చూపించమని అడగలేదు. సగం తాడు ఆయన నెత్తి మీదే పంగలోంచి వేలాడుతోంది, తల ఎత్తలేదు. మర్నాడు మా సెక్షను ఆఫీసులో కాగితం తయారుగా ఉంది. ఓవర్సీరు రాతే. సదరు మనిషి ముందురోజు సంబరంలో తాగి, ఆ మత్తులోనే పనికి వచ్చాడు. నోటి దగ్గర కల్లు వాసన వచ్చింది. బెల్టు ఇస్తే పెట్టుకోనన్నాడు. వద్దంటున్నా ఎక్కాడు. అడుగున, కళ్లారా చూసినవాడి సంతకం కోసం ఖాళీ. తాటిచెట్లెక్కే కులంవాడు, సంబరం నుంచి వచ్చాడు. ఇంకేం కావాలి? చదివినవాడెవడూ అబద్ధం అనుకోడని ఆ మహానుభావుడికి తెలుసు.

"ఇది నిజమేనా?" అని ఇంజనీరు అడిగాడు. అడిగాడండీ, అది ఒప్పుకోవాలి. నా ముఖంలోకి చూసే అడిగాడు.

"నిజమేనండి" అన్నాను.

సంతకం పెట్టాను. గుండ్రంగా, కుదురుగా, స్కూల్లో కాపీరైటింగుకి పెట్టినట్టు పెట్టాను. మిగతా ముగ్గురూ చదువుకున్నవాడు పెట్టాడు కదా అని వేలిముద్రలు వేశారు. వాళ్లని ఎవరూ ఏమీ అనకండి. ఆ కాగితంలో ఏముందో వాళ్లకి చదివి వినిపించింది నేనే, సగం మింగేసి.

వారం పోయాక ఆ చెట్టు పని పూర్తి చెయ్యమన్నారు. నాకు తోలు బెల్టు ఇచ్చారు! ఒక మనిషి పడ్డాక ఇప్పుడు ఎక్కేవాళ్లందరికీ బెల్టులు. అది కట్టుకుని, ఒంటరిగా మొదటిసారి చింతచెట్టు ఎక్కాను. పంగలో ఉండిపోయిన తాడు ముక్క విప్పాను. అక్కడే కూర్చుని పురి విప్పి చూశాను. పైన నున్నగా ఉంది. లోపల నార పొడయిపోయి నా ఒళ్లో రాలింది. చెట్టు మీద కూర్చుని ఏడ్చాను. కింద మాత్రం ఎవరికీ చూపించలేదు.

ఆ ముక్క గుడ్డలో చుట్టుకుని పొందూరు బస్సెక్కి, దిగి నడిచి, వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఏటి ముకం ఎట్టుకొచ్చినావురా? ఆయన తాగినాడని రాసిచ్చినావంట. ఊరంతా ఏటంటన్నారో తెలుసా? తండ్రి దారే కొడుకుదీ అంటన్నారు. ఇన్నేళ్లు కాపరం సేసినాను, ఆ మనిసి నోట కల్లు కంపు నానెరగను. నీకొచ్చినాదేటి కంపు?"

లోపలి నుంచి ఆయన "రానీవే" అన్నాడు.

నులకమంచం మీద ఉన్నాడు. కాలికి కర్రలు కట్టి ఉన్నాయి. నేను తాడు ముక్క చేతిలో పెట్టాను. అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని అరచేతిలోంచి పోనిచ్చాడు. తెగిన కొస దగ్గర ఆగాడు.

"దేనికి కట్టినావు?"

"దుంగకి మావా."

"కడిగినావా?"

"కడిగాను."

ఆ కొసని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తిడితే బాగుండునని నా ప్రాణానికి అనిపించింది. చివరికి అన్నాడు:

"పడ్డం మా పనిలో ఉన్నాదే. కాలు పోనాది, పోనీ. నాను తాగినానని రాసినావేటిరా? ఆ మాటొక్కటి ఎందుకు రాసినావు?"

"ఉద్యోగం పోతాది మావా" అన్నాను. నా నోటికి అంతకంటే మంచి మాట రాలేదు. ఇప్పటికీ రాదు.

"ఉంచుకో ఉద్యోగం. నాకు తెచ్చియ్యమన్నానేటి? గానీ ఇనుకో. కాగితమ్మీద రాసినావు, కాగితమ్మీదే తుడవాల. ఇక్కడికొచ్చి నాతో సెప్తే ఏటొస్తాది? నాను తాగనేదని నాకు తెలీదా? తాగనేదని ఓ కాగితమ్మీద రాయి. పదిమందీ సదవాల. ఎప్పుడో ఓసారి రాయి."

"పర్మనెంటవగానే రాస్తాను మావా" అని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను.

పర్మనెంటయింది. ప్రొబేషను పూర్తవనీ అనుకున్నాను. పూర్తయింది. పెళ్లయింది, పిల్లలు చిన్నవాళ్లు, ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆ ఓవర్సీరు మెట్టు మెట్టూ ఎక్కి మా అందరి నెత్తినా అధికారై కూర్చున్నాడు, ఆయన రిటైరవనీ అనుకున్నాను. ఆయన రిటైరయ్యాడు, పూలదండ నేనే తెచ్చాను. ఈలోగా నేను ఆ ఇంటికి ఏడాదికోసారో రెండేళ్లకోసారో వెళ్లేవాణ్ని, పళ్లో బిస్కట్లో పట్టుకుని. పెద్దాయన కర్ర ఊతంతో నడుస్తూ నారతాళ్లు పేనేవాడు. నన్నేమీ అడిగేవాడు కాదు. ఆవిడ మాత్రం గడపలో అడుగుపెట్టగానే ఒకటే మాట అడిగేది. "రాసినావా?" నేను తల దించుకుంటే మళ్లీ రాట్నం తిప్పుకునేది.

ఆయన పోయినప్పుడు వెళ్లాను. పాడె కడుతున్నచోట ఒకడు పక్కవాడికి చెబుతున్నాడు. "ఎరగవేటి? తాగి సెట్టుమీంచి పడ్డాడు కదా, అప్పట్నుంచీ కుంటే." నేను వాడికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. కాదని ఒక్క ముక్క అనడానికి నోరు పెగల్లేదు. పాడె కట్టే కొబ్బరితాడు నా చేతికిస్తే, ముడి వేశాను. తర్వాత కొన్నేళ్లకి ఆవిడా పోయింది. పోయేముందు చూడ్డానికి వెళితే, మనుషుల్ని గుర్తుపట్టడం లేదన్నారు. నన్ను చూసి అడగలేదు. అడగకపోయేసరికి ఊపిరి పీల్చుకున్నాను. అంత నీచం మనిషిలో ఉంటుందని నాకప్పుడు తెలిసింది.

శాఖలో నాకు మంచి పేరు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి చెట్లెక్కడం నేర్పే పని చివరి పదేళ్లు నాదే. ప్రతి పొద్దునా వాళ్లచేత కళ్లు మూయించి తాడు అరచేతిలోంచి పోనిప్పించాను. పైవాడు "తాడెవరిది?" అనాలి, కిందవాడు "నాది" అనాలి. అనకపోతే ఆ రోజు పని లేదు. నా చేతికింద ఒక్కడు పడలేదు. ఈ పద్ధతి ఎక్కడిది సార్ అని అడిగితే, పాతకాలం పద్ధతి అనేవాడిని. ఆ పద్ధతి నాదేననుకుని రిటైరయిన రోజు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఆ నేరేడు చెట్టు కింద వాడు "నీ తాడేటి?" అని అడిగాక నాలుగు రాత్రులు నిద్రలేదు. ఇప్పుడు రాస్తున్నానని నన్నెవరూ మెచ్చుకోకండి, ఒళ్లు మండుతుంది. ఓవర్సీరు లేడు, ఇంజనీరు లేడు, నా పింఛను ఎవడూ ఆపలేడు. రాయడానికి ధైర్యం అక్కర్లేని రోజు చూసుకుని రాస్తున్నాను. నేర్చుకునే పిల్లల కోసమని మొదట్లో రాశాను, అది కూడా సాకే. పెద్దాయన అడిగింది ఒక కాగితం, పదిమందీ చదివేది. ఇదిగో అది, ఎస్సెల్సీ చదువుకున్న చేత్తోనే.

ఆ రోజు చింతచెట్టు ఎక్కిన మనిషి తాగలేదు. అంతకుముందూ ఎన్నడూ తాగలేదు. ఆయనకి ఎవరూ బెల్టు ఇవ్వలేదు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, కానీండి కానీండి అన్నారు. ఆయన నోట వచ్చింది యాలకుల వాసన. అదే చలిమిడి నేనూ తిన్నాను.

తాడు నాది.